కాలిపోయిన లండన్‌ని తిరిగి కట్టించిన చట్టాలు: ఒక కేస్ స్టడీ

షాపు కాలిపోయి నా ఆఫీసుకి వచ్చే క్లయింటు మొదట అడిగేది కొత్త బిల్డింగ్ గురించి కాదు. "సార్, ఈ నెల అద్దె కట్టాలా?" అంటారు. ఓనర్ వస్తే, "వాళ్ల అగ్రిమెంటు ఇంకా ఉన్నట్టా, పోయినట్టా?" అంటారు. అద్దె తగాదాలు, మున్సిపల్ కేసులు చూసే లాయర్‌గా ఈ రెండు ప్రశ్నలూ నాకు బాగా అలవాటు. మూడున్నర శతాబ్దాల కిందట లండన్‌లో వేలాది మందికి ఒకే వారంలో ఇవే ప్రశ్నలు వచ్చిపడ్డాయి. అక్కడి పార్లమెంటు వాటికి జవాబు చెప్పిన పద్ధతి ఈ రంగంలో పనిచేసే ప్రతి లాయరూ, ప్రతి టౌన్ ప్లానరూ చదవాల్సిన కేసు అని నా నమ్మకం.

ఇళ్లు ఎంత ఎత్తు కట్టాలి, ఏ ఇటుక వాడాలి అన్న చట్టాన్నే అందరూ గుర్తుపెట్టుకున్నారు. దానితో పాటే పాసైన ఇంకో చట్టం ఉంది. కాలిన ఇంటి నష్టం ఎవరు ఎంత భరించాలో తేల్చిన చట్టం అది. నా లెక్కలో లండన్‌ని లేపింది ముందుగా అదే.

ఏం పోయింది

1666 సెప్టెంబర్ 2, ఆదివారం తెల్లవారుజామున పుడ్డింగ్ లేన్‌లో థామస్ ఫారినర్ బేకరీలో మంటలు లేచాయి. ఎండకి ఎండిపోయిన చెక్క ఇళ్లు, ఇరుకు సందులు, దానికి తోడు బలమైన తూర్పు గాలి. పై అంతస్తులు వీధి మీదికి పొడుచుకొచ్చి ఎదురింటిని దాదాపు తాకుతుండేవి. నాలుగైదు రోజుల్లో సుమారు 13,200 ఇళ్లు, 87 పారిష్ చర్చిలు, సెయింట్ పాల్స్ కెథెడ్రల్, వర్తకులు లావాదేవీలు జరిపే రాయల్ ఎక్స్చేంజ్, వ్యాపార వృత్తి సంఘాల భవనాలు 44 కాలిపోయాయి. కోటగోడ లోపల 373 ఎకరాలు, బయట మరో 63 ఎకరాలు బూడిదయ్యాయి. జనం ఊరి బయట మూర్‌ఫీల్డ్స్, ఇస్లింగ్టన్ మైదానాల్లో తలదాచుకున్నారు.

చెక్కతో కట్టొద్దు, ఇటుకతో కట్టండి అని అంతకుముందే పాత రాజులు జేమ్స్ I, చార్లెస్ I ఆజ్ఞలు ఇచ్చి ఉన్నారు. కానీ దగ్గరుండి చూసే మనిషి లేడు, ఇటుకతో కట్టుకునే స్తోమత చాలామందికి లేదు. రూల్ ఉండి కూడా ఊరు కాలిపోవడం మనకి కొత్త కథ కాదు. ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం) ఫైల్లో ఉంటుంది, మెట్ల దారిలో సరుకు ఉంటుంది.

సెప్టెంబర్ 13న అప్పటి రాజు చార్లెస్ II ఒక ప్రకటన చేశాడు. తొందరపడి ఎవరూ కట్టొద్దు, ఇకమీదట ఇటుకా రాయీ మాత్రమే, ముఖ్యమైన వీధులు వెడల్పుగా ఉండాలి, ఎవరి స్థలం ఎంతో సర్వే చేయిస్తాం అన్నది దాని సారం. తొందరపడి కట్టినదాన్ని కూల్చేస్తామని కూడా అందులో ఉంది.

గొప్ప ప్లాన్లు ఎందుకు ఆగిపోయాయి

మంటలు ఆరి వారం తిరగకుండానే శాస్త్రవేత్త, వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ ఒక ప్లాన్ తెచ్చి రాజు ముందు పెట్టాడు. ఆ వెంటనే రచయిత జాన్ ఎవ్లిన్, శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ తమ ప్లాన్లు తెచ్చారు. వెడల్పాటి రోడ్లు, చౌరస్తాలు, నది ఒడ్డున వరసగా భవనాలు. కాగితం మీద చూడముచ్చటగా ఉన్నాయి. ఒక్కటీ అమలు కాలేదు.

లండన్ ప్రజలకి దూరదృష్టి లేక ఆ ప్లాన్లు పోయాయని ఇప్పటికీ రాసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ ప్లాన్లు అమలు కావాలంటే వేలాది స్థలాలను ఒకచోట కలిపి, కొత్త గీతల ప్రకారం మళ్లీ పంచాలి. దానికి ముందు ఎవరి హద్దు ఎక్కడో తెలియాలి. శిథిలాలు తీసేసి తమ స్థలం వివరాలు రాసివ్వమని సిటీ (లండన్ నగర పాలక సంస్థ) అడిగితే ముందుకొచ్చినవాళ్లు చాలా తక్కువ. కొలతలు లేవు, పరిహారం ఇవ్వడానికి ఖజానాలో డబ్బు లేదు, చలికాలం ముంచుకొస్తోంది. వ్యాపారం ఒకసారి పక్కనున్న వెస్ట్‌మినిస్టర్ వైపు తరలిపోతే తిరిగి రాదన్న భయం సిటీ పెద్దలకి ఉంది.

కర్నల్ బర్చ్ అనే పార్లమెంటు సభ్యుడు మధ్యేమార్గం ఒకటి చెప్పాడు. స్థలమంతా ట్రస్టీల చేతిలో పెట్టాలి, వాళ్లు మళ్లీ అమ్మాలి, అమ్మేటప్పుడు పాత ఓనర్లకే మొదటి అవకాశం ఇవ్వాలి. 2015లో అమరావతి ల్యాండ్ పూలింగ్ చూసిన మనకి ఈ ఆలోచన వెంటనే అర్థమవుతుంది. తేడా ఏమిటంటే అక్కడ ఇచ్చింది పొలాలు, రైతు తన ఇంట్లోనే ఉన్నాడు. లండన్‌లో ఇవ్వాల్సింది ఇల్లు కాలిపోయి రోడ్డున పడ్డ మనిషికి మిగిలిన ఒకే ఒక్క ఆస్తి. ప్లాటు తిరిగి వచ్చేదాకా అతను ఎక్కడ వ్యాపారం చేయాలి? బర్చ్ మాట నెగ్గలేదు. పాత వీధుల్ని చాలావరకు అలాగే ఉంచి, అవసరమైన చోట వెడల్పు చేసి, ఎవరి స్థలంలో వాళ్లు కట్టుకోవాలన్న దారిలో పార్లమెంటు నడిచింది. ఆ రోజు ఉన్న పరిస్థితిలో సరైన నిర్ణయం అదే.

అసలు ముడి: లీజు

సిటీలో సొంత స్థలంలో సొంత ఇల్లు ఉన్నవాళ్లు తక్కువ. స్థలం ఏ చర్చిదో, ఏ వృత్తి సంఘానిదో, ఏ ధర్మాసుపత్రిదో అయి ఉండేది. దాన్ని ఒకరు దీర్ఘకాలం లీజుకి తీసుకుని, ఇంకొకరికి సబ్‌లీజుకి ఇచ్చి, ఆయన కింద షాపు మరొకరికి, పై గదులు వేరొకరికి ఇచ్చేవాళ్లు. ఒకే గోడల మధ్య నాలుగైదు హక్కులు.

లీజు పత్రంలో అద్దెదారు రెండు హామీలు ఇచ్చేవాడు. అద్దె తప్పకుండా కడతాను, ఇంటిని మంచి స్థితిలో ఉంచి తిరిగి అప్పజెబుతాను. ఇల్లు కాలిపోతే ఏమిటి? అప్పటి ఇంగ్లీష్ న్యాయం చాలా కఠినం. 1647లో పారడైన్ వర్సెస్ జేన్ కేసులో శత్రు సైన్యం వచ్చి అద్దెదారుని భూమి నుంచి వెళ్లగొట్టినా అద్దె బాకీ బాకీయే అని తీర్పు వచ్చింది. మాట ఇచ్చినవాడు ఏ మినహాయింపూ రాసుకోకపోతే ఆ కష్టం అతనిదే. ఈ లెక్కన లండన్‌లో కట్టుబట్టలతో మిగిలిన అద్దెదారు లేని ఇంటికి అద్దె కట్టాలి, పైగా తన ఖర్చుతో ఆ ఇంటిని మళ్లీ కట్టాలి. లీజు ఇంకో ఐదేళ్లే మిగిలుంటే, కట్టిన ఇల్లు ఐదేళ్లకి ఓనర్ చేతికి పోతుంది. ఎవరు కడతారు?

ఓనర్ మాత్రం కడతాడా? లీజు నడుస్తున్నన్నాళ్లు ఇంటి మీద ఆయనకి స్వాధీనం లేదు. సబ్‌లీజుదారు చేతిలో డబ్బు ఉన్నా, పైనున్న ఇద్దరూ ఒప్పుకోందే పునాది తీయలేడు. ఇలా ఒకరి కోసం ఒకరు చూస్తూ కూర్చుంటే ఏ ఇంజనీరు గీసిన ప్లానూ నేల మీదికి రాదు. మామూలు కోర్టులకి వెళ్తే ఏళ్లు గడిచిపోతాయి, ఆ ఏళ్లలో ఊరు మిగలదు.

ఫైర్ కోర్టు

1667 ఫిబ్రవరి 8న రెండు చట్టాలకి రాజు ఆమోదం దొరికింది. అప్పటి ఇంగ్లండ్‌లో సంవత్సరం మార్చి 25న మారేది కాబట్టి వీటిని ఇప్పటికీ 1666 చట్టాలనే అంటారు. చట్టాల వరసలో తగాదాల చట్టం ఏడో నంబరు, కట్టడాల చట్టం ఎనిమిదో నంబరు. ఆ వరస నాకు చాలా నచ్చుతుంది.

తగాదాల చట్టం ఒక ప్రత్యేక న్యాయస్థానాన్ని పెట్టింది. దేశంలోని మూడు పెద్ద కోర్టుల జడ్జీలే ఇందులో సభ్యులు. ముగ్గురు కూర్చుంటే కోర్టు నడుస్తుంది. క్లిఫర్డ్స్ ఇన్ అనే భవనంలో ఫిబ్రవరి 27న మొదటిసారి కూర్చున్నారు. చట్టం వచ్చి మూడు వారాలు కూడా కాలేదు. ఈరోజు ఒక ట్రిబ్యునల్ కోసం చట్టం చేసి, దానికి కుర్చీలు, స్టాఫ్, సభ్యులు వచ్చేదాకా క్లయింట్లని ఆపడం ఎంత కష్టమో తెలిసిన నాకు ఈ తేదీలు చూస్తే ఆశ్చర్యమే. మొత్తం 22 మంది జడ్జీలు వేర్వేరు సమయాల్లో ఇందులో పనిచేశారు. వారిలో మాథ్యూ హేల్ లాంటి గొప్ప న్యాయవేత్త ఉన్నారు. ఈ పనికి వాళ్లు ఫీజు తీసుకోలేదు. సిటీ కృతజ్ఞతగా జాన్ మైఖేల్ రైట్ చేత అందరి చిత్రాలూ వేయించి నగర పాలక భవనమైన గిల్డ్‌హాల్‌లో పెట్టింది.

ఈ కోర్టుకి ఇచ్చిన అధికారాలు చూడండి. మామూలు కోర్టు లాంఛనాలు అక్కర్లేదు. లీజుని రద్దు చేయొచ్చు, గడువు 40 ఏళ్ల దాకా పెంచొచ్చు, అద్దె తగ్గించొచ్చు, బాకీ కొట్టేయొచ్చు, ఎవరు కట్టాలో ఆదేశించొచ్చు. నోటీసు అందుకుని రాకపోతే వాళ్లు లేకుండానే తేల్చొచ్చు. మైనర్లు, ట్రస్టులు, చర్చి సంస్థలు కూడా తీర్పుకి కట్టుబడాలి. పై కోర్టుకి పోయి దీన్ని తిరగదోడే వీలు లేదు. చాలా కేసులు ఒక్క రోజు విచారణలోనే తేలిపోయాయి.

మూలసూత్రాన్ని చట్టం తన పీఠికలోనే చెప్పింది: సంబంధం ఉన్న ప్రతి ఒక్కరూ తమ తమ హక్కు మేరకు నష్టంలో వాటా మోయడం న్యాయం. పత్రంలో ఏం రాసుకున్నారన్నది మొదటి ప్రశ్న కాకుండా పోయింది. ఈ స్థలంలో ఇల్లు లేవాలంటే ఎవరు ముందుకొస్తారు, వాళ్లకి ఏం ఇస్తే గిట్టుబాటు అవుతుంది అన్నది మొదటి ప్రశ్న అయింది.

ఎలా పనిచేసేదో తెలియడానికి ఒక లెక్క చెబుతాను. ఇది నేను అల్లింది, రికార్డులోని కేసు కాదు. ఒక సంఘం స్థలం, ఏడాదికి 30 పౌండ్ల అద్దె, లీజులో 12 ఏళ్లు మిగిలాయి. అద్దెదారు బట్టల వ్యాపారి. కొత్త ఇంటికి 400 పౌండ్లు అవుతుంది. పాత న్యాయం ప్రకారం 400 అతనే పెట్టాలి, 30 చొప్పున కడుతూ పోవాలి, పన్నెండేళ్లకి ఖాళీ చేయాలి. ఫైర్ కోర్టు అయితే ఇద్దర్నీ కూర్చోబెట్టి, కట్టడానికి సిద్ధమా అని వ్యాపారిని అడుగుతుంది. సిద్ధమంటే మంటల నాటి నుంచి అద్దె మాఫీ, లీజు ఇంకో 28 ఏళ్లు పెంపు, అద్దె 30 నుంచి 18కి తగ్గింపు. సంఘానికి ఏటా వచ్చే రాబడి తగ్గింది కానీ బూడిద కుప్ప స్థానంలో 40 ఏళ్ల చివర ఇటుక ఇల్లు చేతికొస్తుంది. వ్యాపారికి పెట్టుబడి తిరిగి రాబట్టుకునే టైమ్ దొరికింది. అతను కట్టలేనంటే లీజు వదులుకుంటాడు, ఓనర్ కట్టుకుంటాడు లేదా కట్టగలిగినవాళ్లకి ఇస్తాడు. పాత అద్దె బాకీ అతని మెడకి ఉండదు.

గడువులు పొడిగించుకుంటూ, మధ్యలో విరామాలతో ఈ కోర్టు 1676 దాకా పనిచేసింది. వెయ్యికి పైగా తీర్పులు ఇచ్చింది. కోర్టు దాకా వస్తే ఏం జరుగుతుందో ఊళ్లో అందరికీ తెలిసిపోయాక బయటే రాజీపడినవాళ్లు ఎంతోమంది ఉండి ఉంటారు. మంచి ట్రిబ్యునల్ చేసే అసలు మేలు అక్కడే ఉంటుంది.

కట్టడాల చట్టం

ఇళ్లని నాలుగు తరగతులు చేశారు. చిన్న సందుల్లో రెండంతస్తులు. కాస్త పేరున్న వీధుల్లో, నది ఒడ్డున మూడు. ప్రధాన వీధుల్లో నాలుగు. వీధిలోకి కాకుండా లోపలికి కట్టుకునే పెద్ద భవంతులకి కొంత స్వేచ్ఛ ఉన్నా, అవీ నాలుగుకి మించకూడదు. నేలమాళిగ, అటక వీటికి అదనం. ఒక్కో తరగతికి ఒక్కో అంతస్తులో గది ఎత్తెంత, గోడ ఎన్ని ఇటుకల మందం అన్నది పట్టికగా ఇచ్చారు. చిన్న ఇంటికి నేలమాళిగలో రెండిటుకల గోడ, పై రెండంతస్తులకి ఒకటిన్నర ఇటుక. మన మేస్త్రీ లెక్కలో సుమారు పదమూడున్నర అంగుళాల గోడ. ఎత్తుని వీధి వెడల్పుకి ముడిపెట్టడం మన బిల్డింగ్ రూల్స్‌లో ఈనాటికీ చూస్తున్నాం.

నాకు అన్నిటికంటే ఇష్టమైన నిబంధన ఉమ్మడి గోడది. పక్కపక్క ఇళ్ల మధ్య గోడ ఇద్దరి స్థలంలోనూ సగం సగం పడాలి. ముందు కట్టేవాడు ఇంకొకడి కోసం ఆగక్కర్లేదు. గోడ మొత్తం తనే కట్టేసి, పక్కవాడు తర్వాత కలుపుకునేలా ఇటుకల పళ్లు వదిలిపెట్టాలి. పక్కవాడు కట్టే రోజున సగం ఖర్చు, దాని మీద ఏడాదికి 6 శాతం వడ్డీ చెల్లించాలి. ఈ ఒక్క వాక్యంతో వేల తగాదాలు పుట్టకుండానే ఆగిపోయాయి. ఉమ్మడి గోడ మీద తరాల పాటు మాటల్లేకుండా పోయిన అన్నదమ్ముల్ని నేను చూశాను. అందుకే దీని విలువ నాకు తెలుసు.

అమలుకి మనుషుల్ని పెట్టారు. రాబర్ట్ హుక్, పీటర్ మిల్స్ సిటీ సర్వేయర్లుగా ప్రమాణం చేశారు, తర్వాత జాన్ ఆలివర్ చేరాడు. ఇల్లు కట్టదలచినవాళ్లు గిల్డ్‌హాల్‌లో 6 షిల్లింగుల 8 పెన్నీలు కట్టి రసీదు తెచ్చుకోవాలి. సర్వేయర్ శిథిలాల మధ్యకి వచ్చి, పాత పునాదులు చూసి, మేకులు కొట్టి హద్దు గుర్తించి సర్టిఫికెట్ ఇస్తాడు. మన దగ్గర ముగ్గు పోసి మార్కింగ్ ఇచ్చినట్టే. ఇరుగుపొరుగు వాదించుకుంటే అక్కడికక్కడే చూసి చెబుతాడు. రోడ్డుకి స్థలం పోతే ఎన్ని చదరపు అడుగులు పోయిందో రాసిస్తాడు, ఆ కాగితంతో వెళ్లి డబ్బు తెచ్చుకోవచ్చు. జీఐఎస్ లాంటి కంప్యూటర్ మ్యాపులేవీ లేకుండా వేలాది పునాదులు ఇలా గుర్తించారు.

ఒకవైపు గడువు కూడా పెట్టారు. మూడేళ్లలో కట్టకపోతే నోటీసు ఇచ్చి, అప్పటికీ కదలకపోతే జ్యూరీ చేత విలువ కట్టించి సిటీ ఆ స్థలాన్ని అమ్మేయొచ్చు, డబ్బు ఓనర్‌కి ఇవ్వాలి. కూలీలు, మేస్త్రీలు చాలకపోతే ఎలా? సిటీ సంఘాల్లో సభ్యత్వం లేని వడ్రంగులు, తాపీ పనివాళ్లు బయటి నుంచి వచ్చి ఏడేళ్లు స్వేచ్ఛగా పనిచేసుకోవచ్చు, ఏడేళ్లు పనిచేస్తే ఆ హక్కు జీవితాంతం ఉంటుంది. ఇటుక, సున్నం ధరలు, కూలి రేట్లు మితిమీరితే జడ్జీలు నిర్ణయించొచ్చు.

డబ్బు

లండన్ రేవుకి వచ్చే బొగ్గు మీద టన్నుకి ఒక షిల్లింగ్ సుంకం వేశారు. రోడ్ల వెడల్పుకి పోయిన స్థలానికి పరిహారం, ప్రభుత్వ భవనాలు దీంతోనే. సరిపోలేదు. 1670లో ఇంకో చట్టం తెచ్చి దాన్ని పెంచి, 51 పారిష్ చర్చిల పునర్నిర్మాణానికి, సెయింట్ పాల్స్‌కి కూడా ఇందులోంచే వాటా ఇచ్చారు. బొగ్గు సుంకం చలికాచుకునే పేదవాడి మీదా పడింది. సిటీలో ఒక్క అడుగు స్థలం లేనివాళ్లు కూడా సిటీ వీధుల కోసం కట్టారు. ఈ భాగం న్యాయంగా ఉందని నేను అనలేను.

డబ్బు తెచ్చిన ఇంకో మార్గం మాత్రం బాగుంది. వీధి వెడల్పు చేయడం వల్ల ఎవరి స్థలానికి విలువ పెరిగిందో వాళ్ల దగ్గర ఆ పెరుగుదలకి కొంత వసూలు చేయాలన్నారు. సందులో ఉన్న ఇల్లు హఠాత్తుగా రోడ్డు ముఖం అయితే, దానికి కారణం పక్కవాడు వదులుకున్న స్థలం కదా. మన రోడ్డు విస్తరణల్లో స్థలం పోయినవాళ్లకి టీడీఆర్ బాండ్లు (పోయిన స్థలానికి బదులుగా అదనంగా కట్టుకునే హక్కు పత్రాలు) ఇస్తాం, వాటిని అమ్ముకోవడానికి వాళ్లు తిరుగుతూ ఉంటారు. వెనక నుంచి ముందుకొచ్చిన షాపు ఓనర్ అద్దె రెట్టింపు చేసుకుంటాడు.

ఎక్కడ కుదరలేదు

థేమ్స్ ఒడ్డున 40 అడుగుల ఖాళీ రేవు ఉండాలని చట్టంలో ఉంది. ఒడ్డున్న వ్యాపారులు మెల్లగా ఆక్రమించుకుంటూ పోయారు, అది నిలవలేదు. ఫ్లీట్ వాగుని కాలువగా మార్చి 1674లో పూర్తి చేశారు. దానికి పడవలూ రాలేదు, రాబడీ రాలేదు. తర్వాతి శతాబ్దంలో కప్పేశారు. గిల్డ్‌హాల్ నుంచి నదికి వేసిన కింగ్ స్ట్రీట్, క్వీన్ స్ట్రీట్ మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

ఇళ్లు లేచాయి కానీ జనం అందరూ తిరిగి రాలేదు. చాలా కొత్త ఇళ్లు ఖాళీగా పడి ఉండటం చూసి సిటీ కంగారు పడింది. ఇటుక ఇంటి అద్దె పాత చెక్క ఇంటి అద్దె కాదు. లీజు కాగితం ఏదీ లేకుండా వారానికింత అని గదిలో ఉన్న కూలీకి, విధవకి, పనిపిల్లకి ఫైర్ కోర్టులో చెప్పుకోవడానికి హక్కంటూ ఏమీ లేదు. పంచడానికి కూర్చున్న బల్ల దగ్గర వాళ్లకి కుర్చీ లేదు. ఈ కేసుని పొగుడుతూ రాసేవాళ్లు వాళ్లని మర్చిపోకూడదు.

చట్టం సిటీ పరిధికే వర్తించింది. నది అవతల సౌత్‌వర్క్‌లో చెక్క ఇళ్లు అలాగే మిగిలాయి, 1676 మేలో అక్కడ వందల ఇళ్లు కాలాయి. అప్పుడు మళ్లీ అదే తరహా న్యాయస్థానం పెట్టారు. 1675లో నార్తాంప్టన్, 1694లో వార్విక్ కాలినప్పుడు కూడా పార్లమెంటు ఇదే నమూనా తీసుకుంది. రెన్ ప్లాన్‌ని ఎవరూ కాపీ కొట్టలేదు, ఫైర్ కోర్టుని కొట్టారు.

మన చట్టంలో ఈ ప్రశ్న ఎక్కడుంది

1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 క్లాజ్ ఇ ప్రకారం, అగ్నిప్రమాదం వల్లో వరద వల్లో అద్దెకిచ్చిన ఆస్తి ముఖ్యభాగం పూర్తిగా నాశనమైతే లీజు వద్దనుకునే హక్కు అద్దెదారుది. వద్దనకపోతే లీజు బతికే ఉంటుంది. కట్టడం పోతే అద్దె హక్కూ పోయినట్టే అని ఒక తీర్పు ఉండేది. 2014లో షాహా రతన్సీ ఖిమ్జీ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ దాన్ని పక్కనపెట్టి, కింద నేల ఉన్నంతవరకు అద్దె హక్కు ఉంటుందని తేల్చింది. అద్దెదారులకి ఇది పెద్ద అండ.

కానీ క్లయింటుకి ఇది సగం జవాబే. హక్కు ఉంది సరే, షాపు ఎవరు కట్టాలి? కట్టేదాకా అద్దె ఎంత? అద్దెదారు కడితే ఆ డబ్బు ఎలా తిరిగొస్తుంది? ఇద్దర్నీ పిలిచి, గడువు పెంచి, అద్దె మార్చి, మూడు నెలల్లో తేల్చే అధికారం ఉన్న వేదిక మనకి లేదు. సివిల్ సూట్ వేస్తాం, స్టే వస్తుంది, మసిబారిన గోడలు అలాగే నిలబడి ఉంటాయి. ఒక మార్కెట్ మొత్తం కాలినప్పుడైనా జిల్లా స్థాయిలో అలాంటి తాత్కాలిక ట్రిబ్యునల్ పెట్టే నిబంధన రాష్ట్ర విపత్తు చట్టాల్లో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అది వచ్చేలోపు నేను రాసే కమర్షియల్ లీజుల్లో ఒక క్లాజు పెడుతున్నాను. అగ్నిప్రమాదం జరిగిన రోజు నుంచి అద్దె ఆగుతుంది. 60 రోజుల్లోపు కడతానో లేదో ఓనర్ రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే అద్దెదారు మున్సిపల్ అనుమతితో కట్టుకోవచ్చు, పెట్టిన ఖర్చు అద్దెలో సగం చొప్పున తగ్గుతూ వస్తుంది, ఆ ఖర్చు తీరేదాకా లీజు గడువు దానంతటదే పెరుగుతుంది. లెక్కలో తేడా వస్తే ఇద్దరూ ముందే ఒప్పుకున్న ఇంజనీరు మాటే చెల్లుతుంది. దీర్ఘకాలం లీజు కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పదకొండు నెలల అగ్రిమెంట్లు రాసుకునే చోట దీన్ని వాడలేం, మన బజార్లలో ఎక్కువ షాపులు నడుస్తున్నది అలాంటి అగ్రిమెంట్ల మీదే.